మా రోజుల్లో మేకపిల్ల పోతే

ఇప్పటి పిల్లకాయలకు మేకపిల్ల చచ్చిపోతే ఏడవడం కూడా చేతకాదు. ఏడిస్తే ఏడవాలి, లేదంటే ముఖం కడుక్కుని పనిలో పడాలి. వీళ్ళు రెండూ చెయ్యరు. ముందు ఫోటో తీస్తారు. దాన్ని స్టేటస్‌లో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలిస్తారు. ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని పంచాయితీ మొదలు. ఎందుకు చచ్చింది, ఎన్ని గంటలకు చచ్చింది, ఇంకో అరగంట ముందు లేచుంటే బతికేదా అని. ఆ పంచాయితీలో ముద్దాయీ తానే, సాక్షీ తానే, తీర్పు చెప్పేదీ తానే. పక్కన తల్లిమేక పొదుగు బిగిసిపోయి గొంతు చించుకుంటున్నా ఆ అరుపు మాత్రం చెవికెక్కదు.

ఎవరినో అంటున్నాననుకునేరు. మా తమ్ముని మనవడినే అంటున్నా. ఇది వాడు చదివితే చదవనీ, నాకేం భయం? బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం వాడిది. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూస్తే ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఊరికి వచ్చినాడు. వచ్చినోడు ఊరుకున్నాడా! మేకలు కాసే బతుకు మాతోనే పోవాలని మొక్కుకుని వాళ్ళ నాయన్ని బడికి పంపినాం. ఆయన వీణ్ణి బెంగుళూరు దాకా చదివించినాడు. తీరా వీడొచ్చి మేకలు కొన్నాడు. మేము మేకలు కాస్తే ఊరు మమ్మల్ని చూసి జాలిపడేది. వీడు కాస్తే వీడియో తీసుకోడానికి కడప నుంచి మనిషొచ్చినాడు.

మేకలు కాయడమంటే మా పక్క అంత నామోషీ మరి. రాయచోటి, రాజంపేట పక్కల ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. ఊళ్ళో జీవాలు కాయడం పరువు తక్కువని అప్పు చేసి వీసా కొనుక్కుని పోయి, అక్కడ ఎడారిలో షేకు గొర్రెలు కాసి వచ్చినోళ్ళు కూడా ఉన్నారు. నేను అడిగితే కోపాలొస్తాయి గానీ, ఆ ఎండలో కాసే గొర్రె ఈ వేపచెట్టు నీడన కాసే మేక కంటే ఎట్లా గొప్పదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సరే, అది వేరే సంగతి.

వాడి షెడ్డు చూస్తే మీకూ కళ్ళు తిరుగుతాయి. మేకలు నేల మీద ఉండవు. మనిషి నడుమెత్తున చెక్కపలకల మీద ఉంటాయి. పలకల సందుల్లోంచి పెంటికలు కిందికి రాలతాయి, తడి నిలవదు. మా దొడ్డి ఇట్లా ఉండేదా? చుట్టూ తుమ్మకంప, నడిమధ్య వేపచెట్టు, కింద ఒట్టినేల. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. ఒక మూలన పెద్ద గంపలు బోర్లించి ఉండేవి. ఈనిన మేక మేతకు పోతే మా జేజి పిల్లల్ని గంప కింద పెట్టి పైన రాయెత్తేది. లేకపోతే కాకులు బొడ్డు పొడుస్తాయి, కుక్కలు నోట కరుచుకుపోతాయి. రాత్రయితే నక్కలు. ఇంకా వెనక్కి పోతే తోడేళ్ళు. తోడేలు వస్తే ఊరంతా లేచి డబ్బాలు కొట్టేది. ఇప్పుడు తోడేళ్ళు లేవు, ఊరకుక్కలు మందలుగా తిరుగుతున్నాయి, ఊరు మాత్రం లేవదు. టీవీ చూస్తుంటుంది.

పేర్ల సంగతి చూడండి. మా మేకలకు పేర్లుండేవి. కర్రిది, బొల్లిది, చుక్కలది, కొమ్ము విరిగింది. ఒక మేకకు మా చిన్నత్త పేరు పెట్టి మా నాయన నెల రోజులు ఇంట్లో మాటలు పడినాడు. వీడి మేకలకు చెవిలో పసుపుపచ్చ బిళ్ళ, దాని మీద 12 అంకెల నంబరు. మనిషి ఆధార్‌కూ 12 అంకెలే, మేకకూ 12 అంకెలే. అన్ని అంకెలతో మేకను ఎట్లా పిలుస్తావురా అంటే, పిలవడానికి కాదు తాతా, టీకాల లెక్కకు అన్నాడు. జాతులేమో ఒకటి పంజాబు బీటల్, ఒకటి రాజస్థాన్ సిరోహి, ఇంకొకటి జమునాపారి అంట, గంపెడు చెవులు దానికి. మా గుట్టల మీద రేగుకంప మేసి బతికే నల్లమేక వీడి కంటికి ఆనలేదు.

ఇక అసలు సంగతి. 2021 నవంబరు, చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన నెల. ఆ ముసురు మా జిల్లాలో ఎవరూ మర్చిపోరు. కట్ట కింద ఊళ్ళలో మనుషులే కొట్టుకుపోయినారు, పశువుల సంగతి చెప్పేదేముంది. వాళ్ళ దుఃఖం ముందు మేకపిల్లల దుఃఖం ఒక దుఃఖమా అంటే కాదు. మా ఊరు మెట్టన ఉంది గనక నీళ్ళు రాలేదు, చలిగాలి మాత్రం వచ్చింది. కరెంటు పోయింది. వీడి మేకలు సరిగ్గా అప్పుడే ఈనడం మొదలుపెట్టినాయి.

మేక చూడి అయిదు నెలలు. 150 రోజులు అటూ ఇటూగా. పోతును ఎప్పుడు కలిపినామో గుర్తుంటే ఈత ఏ వానలో పడుతుందో, ఏ ఎండలో పడుతుందో వేళ్ళ మీద తేలిపోతుంది. ఈ మాత్రం లెక్క చూసుకోవద్దా అని వాడి మీద ఎగిరినా. మరి మీరు చూసుకునేవాళ్ళా తాతా అన్నాడు. మేమెక్కడ చూసుకున్నాం? పోతు మందలోనే తిరిగేది, దాని ఇష్టం దానిది. అయినా చెప్పేదానికి నాకేం అడ్డం?

తెల్లారి పోయి చూస్తే వాడు షెడ్డు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గోనెసంచిలో చుట్టిన పిల్ల. ఇంకోటి పక్కన. చేతిలో పాలసీసా. "తాతా, నేనే చంపినాను" అన్నాడు. "నువ్వేమన్నా ముసురువా, తుఫానువా?" అన్నా. వాడు వినలేదు. ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయినాడు. వేడి కోసం పెట్టిన బల్బుకు ఇన్వర్టరు పెట్టలేదంట. రెండింటికి లేవాల్సినోడు నాలుగింటికి లేచినాడంట. చల్లబడిన పిల్లకు ముందు వెచ్చన చెయ్యకుండా పాలు పట్టినాడంట. ఫోనులో వెతికితే అట్లా పట్టకూడదని తర్వాత కనబడిందంట. ఒక్క రాత్రిలో అన్ని నేరాలు పోలీసులు కూడా రాయలేరు.

చలి సంగతి మాత్రం వాడు చెప్పింది నిజమే. పుట్టిన మేకపిల్ల రెండో మూడో కిలోలుంటుంది. ఒంటి మీద ఉమ్మనీటి తడి, లోపల కొవ్వు తక్కువ. గాలి తగిలితే ఉన్న కాస్త వేడీ పోతుంది. వేడి పోతే లేచి చన్ను పట్టే సత్తువ ఉండదు. పాలు పడకపోతే ఇంకా చల్లబడుతుంది. చల్లబడిన కడుపులో పాలు అరగవు, మింగడం సరిగా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాడికి ఈ సంగతి చెప్పడానికి డిజిటల్ థర్మామీటరు కావాలి. మా జేజికి చూపుడువేలు చాలు. పిల్ల నోట్లో వేలు పెట్టేది. నోరు వెచ్చగా ఉండి వేలును చప్పరిస్తే "దీనికేం కాదు పో" అని తల్లి కిందికి తోసేది. నోరు చల్లగా ఉంటే పాల మాటే ఎత్తేది కాదు. గొంగడి ముక్కతో ఒళ్ళంతా రుద్ది, ముక్కులో గడ్డిపోచ పెట్టి తుమ్మించి, దాలి పక్కన పడుకోబెట్టేది. దాలి అంటే మీకేం తెలుసులే. పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి పొద్దస్తమానం కాచే గుంట. పైన పాలు, పక్కన పిల్ల, రెండూ నిదానంగా వెచ్చబడేవి. మీ ఇళ్ళల్లో ఇప్పుడు దాలీ లేదు, గొంగడీ లేదు. గ్యాసుపొయ్యి పక్కన పడుకోబెడితే పిల్ల కాలుతుంది.

ఇక్కడిదాకా మాదే పైచెయ్యి. ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆ మధ్యాహ్నం వాడు పశువుల డాక్టరమ్మను పిలిపించినాడు. అప్పటికింకా లేదు గానీ, ఇప్పుడైతే 1962కు ఫోను కొడితే బండి ఇంటి దగ్గరికే వస్తుందంట. 1962 అంటే నాకు చైనా యుద్ధం. ఆ యేడు మా ఊరికి పశువుల డాక్టరు కాదు గదా, మనుషుల డాక్టరు కూడా రాలేదు. ఈమె మా మనవరాలి వయసు పిల్ల. రెయిన్‌కోటు వేసుకుని బురదలో దిగొచ్చింది. నాకు నమస్కారం పెట్టి మరీ నా పరువు తీసింది.

"తాతగారూ, ముర్రుపాలు ఎప్పుడు తాపేవాళ్ళు మీరు?" అని అడిగింది. మాయ పడినాక అన్నా. మాయ పడేదాకా పిల్లను తల్లి కిందికి పోనిచ్చేవాళ్ళం కాదు, తొలిపాలు మందం, పిల్లకు అరగవు అనేది మా జేజి. తొలిపాలు కొంత నేలపాలు, కొంత మా పాలు. బెల్లం, యాలకులు వేసి జున్ను వండితే ఆ రుచి... వద్దులే, ఆ అమ్మాయి ముఖం గుర్తుకొస్తోంది. ఆమె చెప్పింది ఇదీ. మనిషి బిడ్డకు రోగాన్ని తట్టుకునే శక్తి కొంత తల్లి కడుపులోనే అందుతుందంట. మేకకు ఆ దారి లేదంట. ఉన్నదంతా ముర్రుపాలలోనే. అదీ మొదటి గంటలో ఎంత పడితే అంత మంచిది. గంటలు గడిచేకొద్దీ పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోవడం తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే తలుపు మూసుకున్నట్టే. రెండు కిలోల పిల్లకు తొలిరోజు మొత్తం మీద కనీసం 200 మిల్లీలీటర్లు పడాలంట. మాయ పడడానికి ఒక్కోసారి సగం పూట పట్టేది. ఆ సగం పూట పిల్ల గంప కింద అరుస్తుంటే మేము జున్ను ఎప్పుడు అవుతుందా అని పొయ్యి చుట్టూ కూర్చునేవాళ్ళం.

బొడ్డు సంగతీ అంతే. మా జేజి బూడిద అద్దేది. ఈమె టింక్చర్ అయోడిన్‌లో ముంచమంటుంది. తడి బొడ్డు దారిన పురుగు ఎక్కితే వారం పది రోజులకు కీళ్ళు వాచి పిల్ల కుంటుతుందంట. మా దొడ్లో అట్లా కుంటే పిల్లలు ఎప్పుడూ ఒకటో రెండో ఉండేవి. గాలి సోకిందనేవాళ్ళం. తాయెత్తు కట్టేవాళ్ళం. తాయెత్తుకు కూడా కొన్ని బతికినాయి, అది మాత్రం కాదనడానికి లేదు.

ఈచుకుపోయిన పిల్లను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దంది. బ్రూసెల్లా అని ఒక జబ్బుందంట, మేక నుంచి మనిషికి వస్తుంది, ఆగి ఆగి జ్వరం, కీళ్ళ నొప్పులు. చేతికి ప్లాస్టిక్ సంచైనా తొడుక్కుని, లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చమంది. మేము చెట్టు మొదట్లో పూడ్చేవాళ్ళం. నిమ్మచెట్టుకైతే కాపు బాగుంటుందని. నక్కలు తవ్వకుండా పైన కంప వేసి రాయి పెట్టేవాళ్ళం. మా జేజికి ముసలితనంలో ఏ కీలూ మాట వినలేదు, జ్వరం వచ్చిపోతుండేది. వయసు అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే... ఆలోచించడమెందుకు, ఆమె తొంభై దాటి బతికింది.

డాక్టరమ్మ పోయినాక వాడు నన్ను సూటిగా అడిగినాడు. "మీ రోజుల్లో ఎన్ని పిల్లలు చచ్చేవి తాతా?" తక్కువే అన్నా. "తక్కువంటే ఎన్ని?" అన్నాడు, పుస్తకం తెరిచి. పుస్తకం అంటే కాగితాలది కాదు, ఫోనులో గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఏ మేక ఏ రోజు ఈనింది, పిల్ల బరువెంత, చచ్చింది ఏది, ఎందుకు, అంతా అందులో ఉంది. నేను నోరు తెరవలేకపోయినా. ఎందుకంటే మా జేజి పిల్లల్ని లెక్కపెట్టనిచ్చేది కాదు. లెక్కపెడితే తగ్గిపోతాయని ఆమె నమ్మకం. వేలు చూపించి "ఒకటి, రెండు" అంటే నెత్తిన ఒకటి పడేది. లెక్కే లేకపోతే ఎన్ని తగ్గినాయో ఎవరికి తెలుస్తుంది? మా రోజుల్లో తక్కువే చచ్చేవి అని నేను ఏళ్ళ తరబడి అంటున్న మాటకు ఆధారం ఆ మొట్టికాయ ఒక్కటే.

అయినా నా మాట నేను వదలను. చచ్చే లెక్క వాళ్ళదే మేలు కావచ్చు. చచ్చినాక చేసే పని మాత్రం మాదే మేలు.

పిల్ల పోయిందని తెలిసిన క్షణాన మా జేజి ఏం చేసేదో చెప్తా వినండి. ముందు తిట్టేది. పిల్లను తిట్టేది, "రెండు దినాలు ఉండలేకపోతివే, నీకేం పొయ్యేకాలం" అని. మేకను తిట్టేది, ముసురును తిట్టేది, గంగమ్మను అందరికంటే ఎక్కువ తిట్టేది. ఆ తిట్లు అయిపోతూనే కొంగు నడుముకు దోపి తల్లిమేక దగ్గరికి పోయేది. పిల్ల పోయిన మేకకు పాలు ఆగవు కదా. పొదుగు నిండిపోతుంది, వదిలేస్తే పొదుగువాపు వస్తుంది, చన్ను గట్టిబడి మళ్ళీ ఈతకు పనికిరాదు. కాసిన్ని కాసిన్ని పిండి ఆ నొప్పి తగ్గించాలి. మరీ ఖాళీ చేస్తే మళ్ళీ నిండుతుంది, అసలు పిండకపోతే చెడుతుంది. రోజురోజుకూ తగ్గిస్తూ పోవాలి. అది చేతికి తెలియాలి, ఫోనుకు తెలియదు.

ఆ పాలు ఊరికే పారబోసేది కాదు. మందలో ఎప్పుడూ తల్లి చచ్చిన పిల్లో, మూడింటిని ఈని రెండింటికే పాలున్న తల్లి పిల్లో ఒకటుంటుంది. దాన్ని ఈ మేకకు మరపాలి. మేక ఊరికే ఒప్పుకుంటుందా? దాని బిడ్డ వాసన దానికి తెలుసు. పుట్టిన కాసేపట్లోనే నాకి గుర్తుపెట్టుకుంటుంది. పరాయి పిల్ల దగ్గరికొస్తే కొమ్ముతో ఎత్తి పారేస్తుంది. అందుకని ఈనిన తడి ఇంకా ఉంటే ఆ తడే ఈ పిల్లకు పూసేవాళ్ళు. లేకపోతే దాని పాలే పిండి పిల్ల తోకకు, వీపుకు రాసి, పైన ఉప్పు చల్లేవాళ్ళు. ఉప్పు కోసం నాకుతుంది, నాకుతూ నాకుతూ తన పాల వాసన పట్టుకుంటుంది. జేజి మేక తలను తన తొడల మధ్య ఇరికించి కూర్చునేది. నేను పిల్లను చన్నుకు పట్టేవాణ్ణి. మొదటి పూట తన్నులు, రెండో పూట గొణుగుడు. ఒక్కోసారి మూడో నాటికి మేక మేత నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఆ పిల్ల కోసమే అరిచేది. ఒక్కోసారి ఎన్నాళ్ళు చేసినా కుదిరేది కాదు, ఆ పిల్ల ఇంట్లో గంజీ పాలూ తాగి మా కాళ్ళల్లో తిరుగుతూ పెరిగేది. బర్రెల దగ్గరైతే చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టేవాళ్ళు, చేపడానికి. అది నాకు చిన్నప్పుడే నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇంత పనిలో ఏడుపుకు తీరికెక్కడిది? జేజి ఏడవలేదని కాదు. ఆ రాత్రి సంగటి ముద్ద ముట్టేది కాదు. ఎవరైనా అడిగితే పన్ను నొప్పి అనేది. ఆమెకు పళ్ళు ఎప్పుడో ఊడిపోయినాయి.

ఇంకో మేలు ఉండేది మాకు. తప్పు ఎవరి మీదా పడేది కాదు అని వాడితో గొప్పగా అన్నా. దిష్టి అనేవాళ్ళం, గాలి అనేవాళ్ళం, అమ్మవారికి కోపమొచ్చింది అనేవాళ్ళం. అంతటితో మనసు తేలికపడేది. నీకేమో కారణం తెలుసు గనక తప్పంతా నీ నెత్తినే వేసుకుంటున్నావు, తెలివి ఎక్కువైతే ఇదే బాధ అన్నా. చెప్తున్నప్పుడు బాగానే ఉంది. ఇంటికి పోతూ దారిలో గుర్తొచ్చింది. దిష్టి అంటే ఊరికే గాలిలో నుంచి రాదు, ఎవరిదో కన్ను కావాలి. మా వీధి చివర పిల్లలు లేని విధవరాలు ఒకామె ఉండేది. మా దొడ్లో వరసగా పిల్లలు పోయిన యేడు ఆమె పొద్దున మా దొడ్డి పక్కన నడిచిందని మా వాళ్ళు మాట అనేసినారు. ఆ తర్వాత ఆమె నీళ్ళకు పోవాలంటే ఊరు చుట్టి అవతలి దారిన పోయేది. చచ్చేదాకా అంతే. తప్పు ఎవరి మీదా పడకపోవడం కాదు, నోరు లేని మనిషి మీద పడింది. ఈ సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. ఇక్కడ చదువుతాడు.

ఇంకో ప్రశ్న అడిగినాడు వాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. చచ్చిన పిల్లకు అన్నం మానేసిన జేజి, బతికిన పోతును గంగమ్మ జాతరకు ఎట్లా ఇచ్చేది తాతా అని. ఎట్లా ఇచ్చేది? పసుపు రాసి, వేపాకు కట్టి, నీళ్ళు చల్లి, అది తల విదిలిస్తే ఇచ్చేది. కూర వండింది కూడా ఆమే. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నా. వాడు ఇప్పుడు మాంసం మానేసినాడు, మేకల్ని మాత్రం అమ్ముతాడు. కొన్నోళ్ళు పూజ చేసుకుంటారనుకుంటున్నాడో ఏమో.

సరే, చలికి పోయినవి ఒక ఎత్తు, రోగాలకు పోయేవి ఇంకో ఎత్తు. చిటుక రోగం అని ఒకటుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారికి కాళ్ళు చాపి ఉంటుంది, చిటికె వేసినంతలో పోతుంది. బాగా పాలు తాగే బలమైన పిల్లలే ముందు పోతాయి. మేము ఆ బలం చూసే దిష్టి అన్నాం మరి. ఇప్పుడు ఈనడానికి ఒక నెల ముందు చూడిమేకకు టీకా వేస్తే ముర్రుపాల ద్వారా పిల్లకు కాపు అందుతుందంట. ఇంకోటి పారుడు రోగం, పి.పి.ఆర్. అంటారు. మూతి పుండ్లు, ముక్కు కారడం, పారుడు. మన దేశంలో దాన్ని తొలిసారి గుర్తించింది 1987లో తమిళనాడులో. దానికీ సూది ఉంది, ఒక్కసారి వేస్తే మూడేళ్ళు కాస్తుందంట. 2030 నాటికి ఈ రోగాన్ని లోకంలోనే లేకుండా చెయ్యాలని అనుకున్నారంట. మా కాలంలో అది దొడ్లోకి వస్తే పొలిమేరలో కోడిని కోసి ముగ్గు వేసేవాళ్ళం. రోగం ముగ్గు దాటి వచ్చేది.

దేశంలో మేకలు 14 కోట్ల 88 లక్షలని 2019 పశుగణన లెక్క. వాటిలో ఎక్కువ భాగం పెద్ద షెడ్లలో ఉన్నవి కావు. గుడిసె పక్కన అయిదో పదో కట్టేసుకునే ఇళ్ళవి. ఆ ఇంట్లో రెండు పిల్లలు పోతే పోయేది మనసొక్కటే కాదు. బడి ఫీజు పోతుంది, దసరాకు అప్పు కట్టాల్సిన డబ్బు పోతుంది. మా మనవడికి బెంగుళూరు జీతం ఇంకా వస్తోంది గనక తీరిగ్గా పంచాయితీ పెట్టుకుంటున్నాడు. కూలికి పోయి వచ్చి మేక ఈనిందా అని చూసుకునే ఆడమనిషికి ఆ తీరిక కూడా లేదు. ఆమె స్టేటస్ పెట్టదు.

వాడిలో మార్పు రాలేదని కాదు. ఈమధ్య చూడిమేకకు ఉలవ గుగ్గిళ్ళు పెడుతున్నాడు, అవిశాకు కోసి వేస్తున్నాడు. కడుపు చివరి రెండు నెలల్లో తల్లి తిన్నదే పిల్ల బరువు. తేలిక పిల్లే చలికి ముందు పోతుంది. చలిగాలి తగలకుండా గోనెపట్టాలు కట్టినాడు. అయోడిన్ సీసా, థర్మామీటరు ఒక డబ్బాలో పెట్టి షెడ్డుకు వేలాడదీసినాడు. ఆ డబ్బాలోనే ఒక గొంగడి ముక్క కూడా ఉంది. నాదే, అడక్కుండా కోసుకుపోయినాడు. మా జేజి గొంగడి అది. తిట్టడానికి పోయి, ఉప్పు పొట్లం కూడా అందులో పెట్టమని చెప్పి వచ్చినా.

కాబట్టి పిల్లకాయల్లారా, నేను చెప్పేది ఇంతే. టీకాలు వేయించండి, ముర్రుపాలు గంటలోపే తాపండి, ఆ డాక్టరమ్మ చెప్పింది వినండి, ఆమె మాకంటే తెలివైంది. ఇంత చేసినా కొన్ని పోతాయి. పోయినప్పుడు ఫోను పక్కన పెట్టి ముందు తల్లిమేక పొదుగు చూడండి. ఏడుపు ఎక్కడికీ పోదు, పాలు పిండినాక ఏడవచ్చు. ఇంకొక్క మాట. మేక నొప్పులు పడే రాత్రి ఇంట్లో ముసలోళ్ళుంటే లేపండి. నిద్ర చెడుతుందని మొహమాటపడొద్దు, మాకు అది ఎట్లాగూ పట్టదు.